కడిగిన గింజలు

డాక్టర్ హరిత బెంగళూరు నుంచి వచ్చిన రిపోర్టు చదివి, ఓబుళేసు వైపు చూడకుండా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్న చోట, కిందటి భాగంలో, అతణ్ణి వదిలి వచ్చాం. ఆ తలుపు మళ్ళీ తెరుచుకునే ఉంటుంది. ఆమె ఇంటికి వెళ్ళి ఉంటుంది, అన్నం తిని పడుకుని ఉంటుంది. అవన్నీ ఓబుళేసుకు తెలుసు. కాని అతని మనసులో మాత్రం తెల్లవారేదాకా ఆమె ఆ తలుపు వెనకాలే నిలబడి ఉంది, కాగితం చేతిలో పట్టుకుని, ఎలా చెప్పాలో తెలియక.

దీపావళికి ముందు అరచేతులు ఎర్రబడటంతో మొదలైంది ఇదంతా. తర్వాత అరికాళ్ళు. చర్మం ఉల్లిపొరలా ఊడటం, వీపు మీదా పొట్ట మీదా దద్దుర్లు. ఇంజను క్యాబిన్ వేడికి ఎవరికైనా ఒళ్ళు పేలుతుందిలే అనుకున్నాడు. ఆ తర్వాత పెదాల చుట్టూ స్పర్శ పోయింది. టీ తాగుతుంటే గ్లాసు అంచు ఎక్కడుందో తెలియలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అద్దం కావలసి వచ్చింది. చివరికి చూపు. మసకబారలేదు, అదే వింత. ఎదురుగా ఉన్నది స్పష్టంగానే కనిపించేది. పక్కలు మాత్రం, ఎవరో నిదానంగా తలుపు రెక్కలు దగ్గరికి లాగుతున్నట్టు, కొంచెం కొంచెంగా చీకటయ్యాయి.

గుంతకల్లులో గూడ్సు బండ్ల మీద అసిస్టెంట్ లోకో పైలట్ అతను. ఆ ఉద్యోగంలో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే దాని రంగును బిగ్గరగా చెప్పాలి. పక్కనున్న పైలట్ తానూ చూసి అదే రంగు మళ్ళీ చెప్పాలి. రెండు నోళ్ళు పలికితేనే ఆ రంగు నిజం. ఒక సాయంత్రం, ఒక చిన్న స్టేషన్ ముందు, ఓబుళేసు నోరు తెరవలేదు. పట్టాల పక్కనున్న స్తంభమే అతనికి కనబడలేదు. "ఎరుపు!" అని పైలట్ ఈరన్న ఒక్కడే అరిచాడు. బండి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఈరన్న అతని భుజం మీద చెయ్యి వేసి, "ఏమప్పా, నిద్రపోతాండావా?" అని మాత్రం అడిగాడు. ఆ రోజు నుంచి ఓబుళేసు బండి ఎక్కలేదు.

కుందుర్పి దగ్గరి అతని పల్లెలో పెద్దరోగం అన్నారు. అసలు పేరు పలికితే అంటుకుంటుందన్నట్టు, అంతకు మించి ఎవరూ పలకలేదు. చర్మం డాక్టరు పరీక్షలు చేసి అది కాదన్నాడు. ఊరు నమ్మలేదు. ఒక పూజారి సర్పదోషం అన్నాడు. ఇంకో డాక్టరు చాలా దయగా, భయం హద్దు దాటితే ఒళ్ళు ఇలా కూడా మాట్లాడుతుందన్నాడు. భార్య జయంతి పామిడిలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో అతను అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని.

అనంతపురం పెద్దాసుపత్రిలో అతనికి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. కళ్ళు తెరవగానే కనబడిన వాటి పేర్లు గొంతు లోపల చెప్పుకోవడం. ఫ్యాను. సెలైన్ కొయ్య. కిటికీ. నిన్న కనబడినవన్నీ ఈ రోజూ కనబడితే చూపు ఇంకా మూసుకుపోలేదని లెక్క. ఈ రోజు తల తిప్పకుండా పక్క మంచం కనబడలేదు. తల తిప్పి, "చౌడప్ప" అన్నాడు, ఈసారి గొంతు దాటి బయటికే.

"ఏమప్పా రైలూ, పొద్దున్నే పేరు పిలుస్తాండావు? టికెట్టు అడిగేకా?"

చౌడప్ప గొర్రెల కాపరి. పక్షవాతం తగిలి మూతి ఎడమ వైపుకు లాక్కుపోయింది. మాట మాత్రం నేరుగానే వస్తుంది.

"ఏం ల్యాదన్నా. కండ్లు సరిగ్గా ఉండాయా అని చూసుకుంటాండా."

"కండ్లతో లోకాన్ని చూసేటోళ్ళను చూసినా గానీ, కండ్లను చూసుకునేటోణ్ణి నిన్నే చూసినా." చౌడప్ప వంకర మూతితోనే నవ్వాడు. "నన్ను చూడు. మూతి ఇట్ల పోయినప్పటి నుంచి నేను నిజం చెప్తాండానా, అబద్ధం చెప్తాండానా అని నా పెండ్లాం కనుక్కోలేకపోతాంది. ఒకందుకు మంచిదే అయ్యె."

ఓబుళేసు నవ్వబోయాడు. నవ్వుకు బదులు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఇదొకటి. ఈ మధ్య ఏ భావానికి ఏది బయటికి వస్తుందో అతనికి తెలియడం లేదు. ఎవరైనా దయగా మాట్లాడితే ఏడుపు, గట్టిగా మాట్లాడితే వణుకు. కొత్తవాళ్ళు వస్తే దుప్పటి మొహం మీదికి లాక్కోవాలనిపిస్తుంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, వేల టన్నుల బండిని నడిపించిన మనిషి, నర్సు చెప్పుల చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడు. తన ఒళ్ళు పాడైపోతోందన్న దానికంటే, తన లోపల ఎవరో పిరికివాడు కాపురం పెట్టాడన్నది అతన్ని ఎక్కువగా భయపెడుతోంది.

"రిపోర్టు వచ్చినాదంట కదా?" అన్నాడు చౌడప్ప, ఈసారి మెల్లగా.

"వచ్చినాది. ఏమీ చెప్పలేదు."

"చెప్పలేదంటే మంచిదేలే. మా గొర్రెల డాక్టరు, అది సచ్చేదైతే ఎంటనే చెప్తాడు, అమ్ముకోమని. బతికేదైతేనే నానుస్తాడు."

నర్సు తలుపు దగ్గర నిలబడి, డాక్టరమ్మ పిలుస్తోందని చెప్పింది.

వరండా పొడవునా గోడ పట్టుకుని నడిచాడు. గోడ లేకపోతే అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. కాళ్ళు ఉన్నాయి, బలం ఉంది, కాని నేల ఎంత దూరంలో ఉందన్న సంగతి కాళ్ళు మరిచిపోయాయి. ఎదురొచ్చిన వాళ్ళు తాగుబోతును చూసినట్టు పక్కకు తప్పుకున్నారు. గదిలోకి వెళ్ళేలోపు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఏ పేరు చెప్పినా సరే. ఏదో ఒక పేరు ఉంటే చాలు.

డాక్టర్ హరిత వయసులో అతనికంటే చిన్నది. అనంతపురం పాతవూరి బట్టల వ్యాపారుల ఇంటి పిల్ల అని నర్సులు చెప్పుకునేవారు. కుర్చీ చూపించి, తన వేలు గాలిలో నిలబెట్టి, "మీ ముక్కు ముట్టుకుని, తర్వాత నా వేలు ముట్టుకోండి" అంది. అతని చెయ్యి వణుకుతూ వెళ్ళి ఆమె వేలు పక్కనుంచి దాటిపోయింది. ఆమె ఏమీ రాసుకోలేదు. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

"ఓబుళేసు గారూ, ఇది కుష్టు కాదు. ఆ మాట ముందే చెప్పినాను. ఇది మనసు జబ్బు కూడా కాదు."

అతను తల ఊపాడు. ఊపుతూనే ఉండిపోయాడు.

"మీ రక్తంలో పాదరసం ఉంది. మూత్రంలో కూడా. ఉండకూడనంత ఉంది."

పాదరసం. బడిలో సైన్సు మాస్టరు చేతిలోంచి ఒకసారి థర్మామీటరు జారి పగిలింది. నేల మీద వెండి చుక్కలు పరుగెత్తాయి. పిల్లలంతా ఎగబడి వేళ్ళతో తరిమారు. పట్టుకోబోతే రెండై, నాలుగై, సందుల్లోకి దూరిపోయిన ఆ చుక్కలు ఇప్పుడు తన తలలో ఎక్కడెక్కడ దూరి ఉన్నాయో అనిపించింది. తల కదపడానికి భయం వేసింది, కదిపితే దొర్లుతాయని.

"అది మెల్లమెల్లగా పేరుకుంటుంది," అంటోంది ఆమె. "లోపలికి పోయిన రోజు ఏమీ తెలియదు. వారాలు పోయినాక, ఒక్కోసారి నెలలు పోయినాక బయటపడుతుంది. చేతులు ఎర్రబడటం, పెదాలు మొద్దుబారడం, చూపు మూసుకుపోవడం, నడక తూలడం, అన్నీ దాని పనే. ఇంకొకటి చెప్పాల. మీరు ఊరికే ఏడుస్తారని, మనుషులను చూస్తే మొహం దాచుకుంటారని సిస్టర్లు చెప్పినారు. ఆ సిగ్గు, ఆ ఉలికిపాటు, ఆ భయం, అది కూడా పాదరసం వల్ల కావచ్చు."

"భయం గుడకనా మేడమ్?"

"కొంత."

"ఎంత?"

ఆమె మొదటిసారి నవ్వింది. "దానికి పరీక్ష లేదు."

ఆ మాట అతనిలో ఎక్కడో లోతుగా పడింది. ఇన్ని నెలలుగా ఆ భయాన్ని తనదే అనుకుని మోస్తున్నాడు. దానికి కారణాలు వెతికాడు. చిన్నప్పుడు బావి గట్టు మీద నిలబెట్టి నాయన భయపెట్టిన రోజు వరకూ వెనక్కి వెళ్ళి తవ్వుకున్నాడు. తాను ఎప్పుడూ పిరికివాడేనని, ఉద్యోగం, మీసం, పెళ్ళి అన్నీ దాన్ని కప్పడానికేనని ఒక కథ కూడా అల్లుకుని, ఆ కథను నమ్మేశాడు. ఇప్పుడు ఈమె దాన్ని ఒక లోహం అంటోంది. మరి "నన్ను ముట్టొద్దు, నా దగ్గరికి రావొద్దు" అని జయంతి మీద అరిచిందెవరు? తనా, ఆ లోహమా? ఆమె ఏ గొంతుకు జడిసి వెళ్ళిపోయింది?

"ఇది తగ్గుతాదా మేడమ్?"

"ఒంట్లోంచి తీసేసే మందు ఉంది. ఈ రోజే మొదలుపెడతాం. కొంత తిరిగి వస్తుంది, నిదానంగా. అంతా వస్తుందని మాట ఇవ్వలేను. కాని అది ఇంకా లోపలికి పోతూనే ఉంటే ఏ మందూ పనిచేయదు. అది యాడినుంచి వస్తాందో ఇప్పుడే తెలియాల."

చదువుకున్న ఆ గొంతులో ఊరి మాట దొర్లడంతో అతనికి కొంచెం ధైర్యం వచ్చింది. ఆమె ఒక్కొక్కటీ అడిగింది. మొహం తెల్లబడటానికి ఏమైనా క్రీములు? లేదు. బంగారం పని చేసేవాళ్ళు ఇంట్లో ఉన్నారా? లేరు. నాటుమందులు, భస్మాలు? ఒళ్ళు చెడినాక పూజారి విబూది ఇచ్చాడు, అంతే. చేపలు ఎక్కువ తింటారా?

"చేపలా మేడమ్? మా కుందుర్పిలో నీళ్ళే ల్యావు."

తర్వాతి ప్రశ్న అడిగేటప్పుడు ఆమె కళ్ళు బల్ల మీదికి దించుకుంది.

"అడగక తప్పదు. ఎవరైనా కావాలని పెట్టే అవకాశం ఉందా?"

"ల్యాదు" అన్నాడు వెంటనే.

కాని ఆలోచన వచ్చేసింది. చాలా తేలిగ్గా వచ్చింది, ఎప్పటినుంచో గుమ్మం బయట చెప్పులు విడిచి కూర్చున్నట్టు. జయంతి. అతనితో కలిసి కూర్చుని తినేది కాదు. అతను తింటుంటే ఒక్కోసారి చూపు తిప్పుకునేది. చేతులు ఎర్రబడ్డాక ఫోనులో ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడేది, అతను వస్తే ఆపేసేది. చివరికి వెళ్ళిపోయింది. ఒక్కొక్క ముక్కా వచ్చి పక్క ముక్క పక్కన బిగుసుకుంది. ఏడేళ్ళ కాపురం కళ్ళ ముందే ఇంకొక కాపురంగా మారిపోయింది. మనసుకు ఈ పనిలో ఇంత నేర్పు ఉందని అతనికి ఇంతవరకూ తెలియదు. ఇది కూడా లోహమేనా? లేక ఇది మాత్రం తన సొంతమా?

"మీ భార్యకు ఇట్లాంటి లక్షణాలేమైనా ఉన్నాయా?"

"ల్యావు." ఆ మాట అన్నాక అది నేరారోపణలా వినబడింది అతనికే.

"ఇద్దరూ ఒకే వంట తినేవాళ్ళా?"

"ఒకటే."

"ఒకటే అంటే ఒకటేనా? ఆలోచించండి. మీరు తిని, ఆమె తిననిది ఏదైనా ఉందా?"

చెప్పడానికి ఏమీ లేదనుకుంటుండగా, క్యాబిన్‌లో కాళ్ళ దగ్గర ఊగుతూ ఉండే తన లైన్ బాక్సు గుర్తొచ్చింది. డ్యూటీ మీద వెళ్ళేటప్పుడు బట్టలు, టార్చి, తిండి అన్నీ అందులోనే. కూరలు ఆ వేడికి పాసిపోతాయి. పాసిపోనిది ఒక్కటే.

"పొడి మేడమ్. శెనక్కాయల పొడి. జయంతికి కారం పడదు, కడుపులో మంట. దాన్ని ముట్టేదే కాదు. నేను మూడు పూట్లా అదే. బండి దిగి పండుకునే రన్నింగ్ రూములో అన్నంలో అదే. ఈడ గుడక తింటాండా. నిన్న గుడక తింటి."

"ఎవరు చేస్తారు అది?"

"మా అమ్మ."

అలా అన్నప్పుడు అతనికి ఊపిరి ఆడింది. అమ్మ అన్న మాటకు ఏ అనుమానమూ అంటుకోదు. కనుక పొడి కాదు. కనుక వేరే ఏదో. ఆ ఊరటలో అతను వెనక్కి వాలబోతుండగానే తలుపు తోసుకుని అతని తల్లి లక్ష్మక్క లోపలికి వచ్చింది. తలుపు కొట్టడం ఆమెకు అలవాటు లేదు. బస్సు దుమ్ము జుట్టు మీద అలాగే ఉంది. చంకలో గుడ్డసంచి.

"ఏందిరా మంచం మీద ల్యాకుండా ఈడ కూర్చున్నావు? ఆ మూతివంకరాయప్ప చెప్పినాడు ఈడుండావని." కొడుకు చేతులు రెండూ తిప్పి చూసింది. ఎర్రగా, పొరలు లేచి ఉన్నాయి. మొహం చిన్నది చేసుకుని డాక్టరు వైపు తిరిగింది. "ఏమమ్మా, ఏమంటాండావు నా కొడుక్కు? పెద్దరోగమైతే కాదు కదా?"

"కాదమ్మా. అది కానే కాదు. కూర్చోండి."

"కాదు కదా! నేను చెప్పల్యా!" లక్ష్మక్క కూర్చోలేదు. "కూర్చునేకి యాడ టయిము తల్లీ, బర్రె ఈనేట్టుండాది, మళ్ళా బస్సుకు పోవల్ల." సంచిలోంచి స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "పాతది అయిపోయింటాదని తెచ్చినా. ఈసారి ఎల్లిగడ్డ ఎక్కువేసినా, నోటికి బాగుంటాదని."

హరిత అతని వైపు ఒకసారి చూసి డబ్బా మూత తీసింది. వేయించిన శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి. గదిలో మందుల వాసనంతా వెనక్కి పోయింది. ఓబుళేసు నోట్లో నీళ్ళూరాయి. పెదాలకు స్పర్శ లేదు, నాలుకకు ఆశ మాత్రం ఉంది. తన ఒంటిని తానే దూరం నుంచి చూస్తున్నట్టు, అసహ్యంతో చూశాడు.

"ఈ శెనక్కాయలు అంగట్లో కొన్నవా అమ్మా?"

"అంగట్లోనా!" లక్ష్మక్క నిజంగానే నొచ్చుకుంది. "సేద్యం చేసేటోళ్ళం తల్లీ మేము. మా ఇంట్లో శెనక్కాయలకు కరువా?"

"పంట వచ్చిందా మరి?"

"యాడ పంట? వానొస్తే కదా. అందరి మాదిరే విత్తనం ఒలుచుకుని, మందు పట్టించుకుని కూర్చుంటిమి. మొగులు చూసి చూసి మెడలు నొచ్చె గానీ పదును వాన పడలేదు. అదను పోయె. మా ఊళ్ళో సగం చేన్లు బీడే."

ఓబుళేసుకు ఆ దృశ్యం చెప్పనక్కరలేదు. ప్రతి ఏడూ అదే. అరుగుల మీద కూర్చుని కాయలు ఒలవడం, గింజలకు పురుగూ కుళ్ళూ పట్టకుండా ఎర్రమందు కలపడం, నీడలో పరిచి ఆరబెట్టడం. తర్వాత ఎదురుచూపు. మందు పట్టించిన గింజను నూనె మిల్లువాడు తీసుకోడు. విత్తితే భూమిలోకి, విత్తకపోతే ఎక్కడికీ కాదు.

"మందు పట్టించిన ఆ విత్తనం ఏం చేసినారు?" హరిత గొంతు ఏమీ మారలేదు. చేతిలోని మూత మాత్రం బల్ల మీద పెట్టలేదు.

ఎవరూ అడగని మంచి సంగతి ఒకటి అడిగినందుకు లక్ష్మక్క మొహం విప్పారింది.

"ఏం జేస్తాము, బంగారమట్లా గింజల్ని దిబ్బలో పోస్తామా? కడిగినా. ఎర్రనీళ్ళు పోయి తెల్లనీళ్ళు వచ్చేదాకా, మళ్ళామళ్ళా కడిగినా. రంగనేది రవ్వంత గుడక ల్యాకుండా. ఎండబెట్టినా, ఏంచినా, పొట్టు తీసినా. మా పక్కింటోళ్ళు చేతగాక మొత్తం పారబోసుకునిరి."

"ఏ మందు కలిపినారు?"

"మా ఆయన ఉన్నప్పుడు తెచ్చి పెట్టిన డబ్బా. అటక మీద ఉండె. ఇప్పుడది అమ్మేది ల్యాదంట. గట్టి మందు తల్లీ అది. ఇప్పుడొచ్చే మందులను చూస్తే పురుగులు నవ్వుతాయి."

కిటికీ బయట ఎవరో టీ కోసం కేక వేశారు. హరిత మూతను చాలా నెమ్మదిగా డబ్బా మీద ఉంచింది, గట్టిగా మూయకుండా.

"అమ్మా," అంది. "రంగు వేరు, మందు వేరు. ఇది మందు పట్టిన గింజ, తినగూడదు అని మనిషికి తెలియడానికే ఆ రంగు కలుపుతారు. నీళ్ళకు పోయేది రంగు. మందు గింజలోనే ఉండిపోతుంది. ఆ పాత మందుల్లో కొన్నిటిలో పాదరసం ఉండేది. అందుకే అవి అమ్మకుండా ఆపేసినారు."

రంగు కడిగేసిన సిగ్నల్. ఓబుళేసుకు అలా కనబడింది అది. స్తంభం ఉంది, ముందు పట్టాల మీద బండి ఆగి ఉంది, దీపంలో మాత్రం ఎరుపు లేదు. అమ్మ కూర్చుని, ఓపికగా, నడుము నొప్పి పుట్టేదాకా కడిగి, ఆ ఎరుపును నీళ్ళలో వదిలేసింది.

"మీరు కూడా ఈ పొడి తిన్నారా?" అని అడిగింది హరిత.

"మాకెందుకు తల్లీ. కొడుక్కే సాలదు. మేము ఉత్త కారంతో తింటాము." చెప్తూ చెప్తూ లక్ష్మక్క ఆగింది. ఇద్దరి మొహాలూ చూసింది. "ఏంది? ఏమంటాండావు నువ్వు?"

"మీ అబ్బాయి ఒంట్లో ఉన్న విషం ఇందులోనుంచే పోయిందని నా అనుమానం. పరీక్షకు పంపిస్తాను. అంతవరకు దీన్ని ఎవరూ..."

"ఇసమా?"

ఆమె మొదట నవ్వింది. ఎవరూ కలిసి నవ్వలేదు.

"నా చేతి కూడు ఇసమా? ఓబుళేసూ, చెప్పురా ఈయమ్మకు. నిన్ను ఏం పెట్టి పెంచినానో చెప్పు. మీ నాయన పోయినాక నేను పస్తుండి నీకేం పెట్టినానో చెప్పు."

అతను చెప్పలేదు. చెప్పడానికి రెండు మాటలు ఉన్నాయి. ఒకటి ఆమెను చంపుతుంది, ఒకటి తనను. రెండింటి మధ్య నోరు మొద్దుబారి ఉంది. ఆమె అతని మౌనాన్ని చదువుకుంది. చదువు రాని మనిషి, కాని కొడుకు మొహాన్ని చదవడంలో ఆమెకు తడబాటు లేదు.

"నువ్వు గుడక అంటాండావు." డబ్బాను దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, అది ఆడ పెట్టు."

"అంటాండావురా. నీ యమ్మ నీకు ఇసం పెట్టిందంటాండావు."

"నేను ఆ మాట అనలేదు. నీకు తెలియక..."

"తెలియకనా? శెనక్కాయల సంగతి నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచి ఆ మట్టిలోనే ఉండాను. ఈ పిల్ల ఒక్క కాయైనా ఒలిచినాదా?"

మాట పూర్తికాకుండానే మూత పక్కకు నెట్టి, పిడికెడు పొడి తీసి నోట్లో వేసుకుంది. ఎండుపొడి ముక్కులోకి పోయి దగ్గింది. దగ్గుతూనే ఇంకో పిడికెడు.

"అమ్మా!"

ఓబుళేసు లేచి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. అతని చెయ్యి ఆమె చెయ్యి ఉన్న చోటుకు పోలేదు. గాలిని పట్టుకుని, బల్ల అంచుకు తగిలి, నీళ్ళ గ్లాసును కింద పడేసింది. హరిత డబ్బాను తన వైపుకు లాక్కుంది.

"చూడండి. ఇద్దరూ బాగ చూడండి," అంటోంది లక్ష్మక్క, నమలుతూ, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ. "సస్తానేమో చూద్దాము. ఇసమైతే జయంతికి ఏమన్నా కావల్ల కదా? అది తింటాండలేదా? దానికేమన్నా అయినాదా?"

"జయంతి అంటే మీ భార్యే కదా?" అంది హరిత.

"అవును మేడమ్," అన్నాడు ఓబుళేసు, తల్లి వైపు తిరిగి, "అది పొడి తినదమ్మా. దానికి కారం పడదు."

"పొడి ఎందుకు తింటాదిరా? బెల్లమేసి ఉండలు చేస్తి. ఈ గింజలతోనే. పామిడికి పోయేటోళ్ళ చేత పంపిస్తాండా, పౌర్ణమి కాడ నుంచి. కడుపుతో ఉండే పిల్లకు బలం వద్దా?"



"కడుపుతోనా?" అన్నాడు అతను.

ఆమె చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంతలోనే కోపం సగం దిగిపోయింది. దాచిన తీపి సంగతి చెప్పేటప్పుడు మనుషులకు వచ్చే వెలుగు ఒకటి, నోటినిండా పొడితో ఉన్న ఆ మొహం మీదికి వచ్చింది.

"రెండుమార్లు నిలబడక పోయినాది కదా నాయనా. ఈసారి గట్టిపడినాకనే నీకు చెప్దామని మేమిద్దరమూ ఫోన్లో అనుకుంటిమి. నువ్వేమో ముట్టొద్దు, రావొద్దు అని దాని మీద అరుస్తాంటివి. నేనే పొమ్మన్నా పుట్టింటికి. అది పోనంటే పోనని ఏడ్చినాది."

జయంతి పోనని ఏడ్చింది. గొంతు తగ్గించి మాట్లాడింది అమ్మతో. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఓబుళేసు లోపల ఇన్ని నెలలుగా బిగిసి ఉన్నదేదో వదులైంది. ఆమె తనను చూసి అసహ్యపడి పోలేదు. బిడ్డ. తన బిడ్డ. ఆ సంతోషానికి తలుపు పూర్తిగా తెరవకముందే దాని వెనకాల నిలబడి ఉన్నది కనబడింది. లోపలికి పోయిన రోజు ఏమీ తెలియదు. వారాలు పోయినాక.

అతను డాక్టరు వైపు తిరిగాడు. ఆమె అతని వైపు చూడటం లేదు. లక్ష్మక్కనే చూస్తోంది. ఎంతో మృదువుగా, చిన్నపిల్లను అడిగినట్టు అడిగింది.

"ఎన్నో నెల అమ్మా?"

"ఐదు పడినాది," అంది లక్ష్మక్క నవ్వుతూ.

హరిత తిరిగి నవ్వలేదు. చెయ్యి చాచి బల్ల మీది ఫోను అందుకుంది. "పామిడి నంబరు చెప్పండి ఓబుళేసు గారూ," అంది. "ఇప్పుడే."

ఆ గొంతు విని లక్ష్మక్క ఆమె వైపు చూసింది. ఆమె నుంచి కొడుకు వైపు చూసింది. ఓబుళేసు చూపులో మిగిలిన ఆ కొంచెం జాగాలో ఇప్పుడు అమ్మ మొహం మొత్తం కూడా పట్టలేదు. నోరు ఒక్కటే ఉంది. పెదాల మీద ఎర్రటి పొడి, బుగ్గలో ఇంకా ముద్ద.

ఆ నోరు నమలడం ఆపింది. మింగలేదు. ఉమ్మనూ లేదు.